నీలం గీత

అక్క పోయి ఏడాదైంది. బావగారి కంప్యూటర్‌లో చోటు లేదంటే, వెబ్‌సైట్లు తయారుచేసే మరదలు చూడటానికి వచ్చింది.

"అక్క మాట రికార్డింగ్ నా సైట్‌లో పెట్టి, వినమని లింకు పంపాను కదా బావా. ఆ ఒక్క ఫైలే రెండొందల పన్నెండు సార్లు డౌన్‌లోడ్ చేశారేంటి?"

"నొక్కితేనే కదమ్మా వచ్చేది."

"అయ్యో రాత! ఒకసారి వస్తే ఇక్కడే ఉంటుంది. ఉండండి, డౌన్‌లోడ్ లేకుండా పేజీలోనే వినబడేలా మార్చేస్తాను."

"వద్దు, దాని జోలికెళ్లకు."

"ఎందుకూ?"

"నొక్కగానే, డౌన్‌లోడ్ అయ్యేదాకా తెరమీద నీలం గీత మెల్లగా నిండేది. మీ అక్క మెట్లెక్కి వస్తున్నట్టుండేది. వచ్చాక, 'తాళంచెవి గూట్లోనే ఉంది, ఇల్లు పీకి పందిరెయ్యకండి' అనేది. ఈమధ్యే, గీత కనబడకుండానే వచ్చి వాలుతోంది."

"బ్రౌజర్ ఒక కాపీ దాచుకుని, అదే ఇచ్చేస్తోంది బావా."

"నాకు తొందరేం లేదమ్మా."

మరదలు కళ్లు తుడుచుకుని, తన సైట్ సర్వర్‌లో ఒక్క వాక్యం మార్చింది. పాత కాపీలు తీసేసి చోటు చేసింది.

"దాచుకోవద్దని బ్రౌజర్‌కి చెప్పాను. ఇప్పుడు నొక్కండి. ఇకనుంచి ఎప్పుడు పిలిచినా, అక్క మొదటి మెట్టు నుంచే ఎక్కి వస్తుంది."