బొగ్గు, గార్డు విజిల్

రిటైర్డు రైలు గార్డు జగ్గారావుకి ముప్ఫయ్యారేళ్ల సర్వీసులో ఒక్క చార్జిషీటు లేదు. ఈ ఆదివారం మాత్రం, తాల్‌బగీచా నుంచి వినీల, తానిచ్చిన కుక్కపిల్ల బొగ్గుని వెనక్కి తీసుకుపోవడానికి బుట్టతో వచ్చి గుమ్మంలో నిలబడేసరికి, ఝపటాపూర్ ఇంట్లో పెళ్లామే ఆయన మీద విచారణ మొదలెట్టేసింది.

“మళ్లీ పోసినాదమ్మా వినీలా! వంటింట్లోనే, సరిగ్గా పొయ్యి ముందర. పట్టుకుపో నీ బొగ్గుని.”

“నెల్లాళ్లు సూద్దామన్నావు కదా పిన్నీ?”

“నెల ఇయ్యాల్టితో సరి. మీ బాబాయే ఒప్పుకున్నారు. అడుగు.”

“అవునేటి బాబాయ్?”

“ఒప్పుకున్నాననుకో... కానీ పెరట్లో రైట్ టైమే వినీలా! లేవగానే ఒకపాలి, తిన్నాక ఒకపాలి, ఆడినాక ఒకపాలి. డైరీ రాసినాను, సూడు.”

“డైరీ కాదు, నేల సూడమనండి.”

“తుడిసినాను కదే!”

“రోజూ తుడుస్తన్నారు. రోజూ ఇదే టైముకి. పప్పు పెట్టగానే తయారు! దానికి నా మీద కచ్చ.”

“కచ్చేటే? పాలు పోసీది నువ్వు. నీ శాలువా కప్పింది ఎవరు?”

“అది... చిరిగిపోయిన శాలువా. ఆ మాటిప్పుడెందుకు?”

“ఠీక్ హై పిన్నీ, తీసుకెళ్లిపోతాను.”

“ఆగమ్మా వినీలా. పోన్లే అనడానికి నా వల్ల కాట్లేదు. రిటైరయినాక నా విజిల్‌కి కదిలిందెవరు? ఇదొక్కటే.”

“విజిలేటి బాబాయ్?”

“డ్యూటీ విజిల్. దాంతోనే నేర్పినాను. గడ్డిలో దింపడం, ఊదడం. పోసిందా, బిస్కెట్టు! వారంలో పట్టీసినాది. ఇప్పుడు విజిల్ వినబడితే సాలు, ఎక్కడున్నా సరే...”

“ఎక్కడున్నా?”

“కూకుండిపోద్ది.”

“పిన్నీ, పొయ్యి మీద ఏటుంది?”

“ఏటుంటాది? పప్పు. కుక్కర్ ఒక విజిలేసింది, ఇంకా రెండు... ఓలమ్మో!”

“ఓలమ్మో, అవునే.”

“ఏమండీ! ఇన్నేళ్లు విజిలూదినారు, కుక్కర్‌దీ విజిలేనని తోచలేదా?”

“నీకు తోచిందేటి?”

“అదిగో, రెండోది! బొగ్గేదీ? బొగ్గేదమ్మా?”

“కూకుండిపోనాది పిన్నీ, పొయ్యి ముందరే. నీకేసే సూస్తన్నాది.”

“నాకేసెందుకు?”

“బిస్కెట్టుకి.”

“ఓసి నా తల్లే! సెప్పినట్టే సేసి, రోజూ నా సేత తిట్లు తిన్నావా? ఏమండీ, ఆ డబ్బా ఇలా తెండి. రెండు బాకీ... కాదు, నాలుగియ్యండి.”

“మరి నేను బుట్ట మూసీనా పిన్నీ?”

“మూయకు. పొయ్యి ఆపీసి, కుక్కర్ అందులో పెడతాను. దాన్ని పట్టుకుపో.”