దుకాణం మెట్లు

శాలిబండల షేర్వానీలు కుట్టే ఉస్తాద్‌కు కాళ్లు నడవరావు. రోజూ వీపు మీద ఆయనను దుకాణానికి మోసుకపోయేది ఓదెలు. ఆ పొద్దున ఉస్తాద్ వాకిట్ల కొత్త తోపుడు బండి చూసి ఓదెలు మొఖం మాడ్చుకున్నడు.

"ఇదెవ్వరికి ఉస్తాద్?"

"నాకే. లడాయి రోజుల్ల ఇనుమంత ఫౌజుకే పాయె, మనకు యాడ దొరుకుతది? పాత సైకిల్ చక్రాలేసి చేయించిన."

"నన్ను పొమ్మంటె పోత గద. గీ బండెందుకు?"

"పొమ్మంటె దీన్ని తోసేదెవ్వరు? నీకు నడుము నొస్తున్నది."

"ఎవ్వరు చెప్పిన్రు?"

"నీ వీపే. చార్మినార్ కాడికి రాంగనె ఓ పక్కకు వంగుతది. మీద కూసునేటోన్ని, నాకు తెల్వదా?"

ఓదెలు చక్రాన్ని కాలితో అటిటు కదిలించిండు.

"వీపు మీదుంటె అందరి మొఖం జూసి సలాం చేస్తవ్. ఈ బండిల కూసుంటె మోకాళ్లే కనవడ్తయి."

"సలాం కావాల్నంటె వాళ్లే వంగుతరు."

"మరి నా చెవుల చెప్పే ముచ్చట్లు?"

"గట్టిగ చెప్త. బజారంత ఇంటది."

ఓదెలుకు నవ్వాగలేదు. అయినా ఊరుకోలేదు.

"దుకాణం మెట్లు ఈ బండెట్ల ఎక్కుతది?"

"ఎక్కదు."

"దుకాణం మాలిక్‌ను అడిగి, మెట్లు తీయించి వాలుగ చేయించరాదు?"

"మొన్న ఆయనే చేయిస్తనన్నడు. నేనే వద్దన్న."

"ఎందుకు?"

"మెట్లు పోతె నీ వీపెక్కేదెప్పుడు?"