అంచుదాకా నీళ్లు

తార్నాక దాటాక వచ్చే క్యాంపస్ హాస్టల్లో, వడగాలి కొడుతున్న మధ్యాహ్నం. వరండాలో కూలర్ కింద నెత్తురు, సొట్టబోయిన బకెట్. అతను ఇనుపరాడ్డు ఇంకా వదల్లేదు. నరహరిని ఆస్పత్రికి ఆటో ఎక్కించి అతని రూమ్మేట్ తిరిగొచ్చాడు.

“ఏంది రా, నరహరిని గట్ల కొడ్తవా? తల పగిలింది!”

“పక్క రూమోడు మన కూలర్ల నీళ్లు ముంచుకపోతుంటే చూస్తూ ఊకోవాల్నా? నల్లా బందై రెండు దినాలాయె!”

“వాడు ముంచంగ చూసినవా?”

“కూలర్ పక్క జాలీ తలుపు తీసిండు. చేతిల బకెట్ ఉన్నది. ఇంకేం చూడాలె?”

“లోపలికి చూడు.”

అతను వంగి చూశాడు. నీళ్లు అంచుదాకా ఉన్నాయి.

“నిన్న నీకు వడదెబ్బ తగిలిందని, కూలర్ ఎండొద్దని, కింద సంపుల నుంచి మోసుకొచ్చి పోసిండు.”

రాడ్డు జారి కిందపడింది.

“ఆటో ఎక్కంగ... నన్నేమన్న అన్నడా?”

“ఏమంటడు? కండ్లే తెరుస్తలేడు.”