ఆపుకున్న తుమ్ము

వియత్నాంలో కాపురం పెట్టడానికి ఎయిర్‌పోర్టు కారెక్కాల్సిన వేళ, జగ్గయ్యపేట ఇంట్లో ఆమె మూకుట్లో ఎండుమిరపకాయలు వేసింది. గడప దాటబోతూ భర్త తుమ్మాడు.

“అయ్యో, ఒంటి తుమ్మండీ! కూర్చుని మంచినీళ్లు తాగండి.”

“బయల్దేరేటప్పుడు ఈ ఘాటేంటే?”

“దార్లోకి పులిహోర చేద్దామని.”

“ఇంకోసారి తుమ్మితే దోషం పోద్దిగా?”

“పోద్ది. వస్తోందా?”

“రావట్లేదు.”

“ముక్కు నొక్కి పట్టుకుంటే ఎట్టా వస్తుందండీ?”

ఆయన చెయ్యి తియ్యలేదు. ఆమె గుండెలో బరువు కాస్త దిగింది.

“అక్కడ సగం ఖర్చుతో నిదానంగా బతకొచ్చని ఏడాదిగా చెప్పింది మీరేగా?”

“నందిగామలో కొట్టు నడిపినప్పుడు చెప్పా. తెల్లారితే పరుగే కదా! కొట్టు ఎత్తేసిన ఈ నెల్లాళ్లూ ఇక్కడే నిదానంగా ఉంది.”

“ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?”

“నువ్వు వీధంతా చెప్పుకుని మురిసిపోతుంటే నోరు రాలేదు.”

“మీ సరదా చూసి మురిశానండీ. నాకెక్కడిది సరదా!”

“అమ్మయ్య! అయితే డ్రైవర్ని లోపలికి పిలువు. పులిహోర తిని వెళ్తాడు.”

“అన్నం వండలేదండీ. మిరపకాయలే వేయించా.”