సేత్తూరుకు మొదటి గంప

రాజపాళయంలోని ఆ ఇంటికి తోట నుంచి ఆ ఏటి తొలి మామిడిపళ్ళు వచ్చాయి. లా చదివే మనవరాలు, ఆమె అవ్వ తిన్నె మీద కూర్చుని వాటిని ఏరుతున్నారు.

“తూక్కు దండన, అదే ఉరిశిక్ష, ఉండాలా వద్దా అని కాలేజీలో డిబేట్ అవ్వా. నేను ఉండాలనే పక్క. జడ్జి ఒక్కడే కాకుండా, జూరీ మాదిరి పదిమంది కలిసి చెప్తే తప్పు జరగదు కదా?”

“మా నాయన అట్ల చెప్పినవాడే కన్నూ. అప్పుడు మదురై కోర్టులో జడ్జి పక్కన ఊరి పెద్దలను కూర్చోబెట్టి అడిగేవారు. సేత్తూరు పిల్లోడొకడు ఎవరినో చంపినాడని కొలకేసులో చిక్కినాడు. వాడే చేసినాడని ఆ పెద్దలందరూ అన్నారు, వాళ్ళలో ఒకడైన నాయన కూడా అన్నాడు. ఉరి వేసేసినారు.”

“నిజంగా వాడే చేసినాడా?”

“ఎవరికి తెలుసు? అందరమూ కదా చెప్పినాము అని తక్కినవాళ్ళు నిమ్మళంగా పండుకున్నారు. నాయనకు నిద్ర పట్టలేదు. ఆ ఏటి నుంచి తోటలో మొదటి గంప, సామికి కూడా పెట్టకుండా, సేత్తూరులో వాడి అమ్మకు పోయేది. తీసుకుపోయి ఇచ్చేది నేనే. బండంతా ఎంత వాసనో!”

“ముత్తాత రాడా?”

“వస్తాడు. వీధి మొదట్లో బండిలోనే తల వంచుకోని కూర్చుంటాడు. ‘మీ నాయన రాలేదా?’ అని ఆమె అడిగితే, లేదనేదాన్ని.”

“ఆమెకు బండి కనిపించదా?”

“కనిపించకేమి? గంపలో నుంచి ఒక పండు తీసి, ‘రాని మీ నాయనకు ఇయ్యి’ అనేది.”

“తినేవాడా?”

“ఇల్లు చేరేదాకా దాన్ని రెండు చేతుల్లో పట్టుకోని ఉండేవాడు. ఎద్దులే దారి చూసుకోని వచ్చేటివి.”