చూసినవాళ్ళు లేరు

కోర్టు వరండాలో చెక్క బెంచీ. నల్లకోటు వేసుకున్న లాయరమ్మ, పక్కన ముద్దాయి. ముద్దాయి ఆమెకు సొంత అన్న, బేకరీ వ్యాన్ డ్రైవరు. కేసు పిలవడానికి ఇంకా కొంచెం టైముంది.

"మళ్ళీ మొదటికొచ్చావా?"

"నేను మొదటి నుంచీ అక్కడే ఉన్నాను చిట్టీ. నువ్వే ముందుకెళ్ళిపోయావు."

"అన్నయ్యా, పొద్దున్నే నాతో జోకులొద్దు. ఇంకో ఇరవై నిమిషాల్లో పిలుస్తారు. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. నోరు మూసుకుని నిలబడాలి. అదీ చేతకాదా?"

"తప్పు చేశానని ఒప్పుకుంటానన్నాను కదా. అదీ రెండు ముక్కలే. నీకూ శ్రమ తప్పుతుంది."

"ఒప్పుకుంటే ఏమవుతుందో తెలుసా? లైసెన్సు పోతుంది. లైసెన్సు లేని డ్రైవర్ని బేకరీ వాళ్ళు ఏం చేసుకుంటారు? బన్నుల మీద నువ్వులు చల్లిస్తారా?"

"చల్లమంటే చల్లుతాను."

"అబ్బబ్బా! నెల రోజుల్నుంచి ఈ కాగితాలతో కుస్తీ పడుతున్నాను. చదివి చదివి కళ్ళు మండిపోతున్నాయి. ఒక్కసారి విను. విన్నాక నీ ఇష్టం."

"నిన్న విన్నాను కదా."

"నిన్న నువ్వు గోడ వంక చూస్తూ కూర్చున్నావు. ఇప్పుడు నా మొహం చూసి విను. నీచేత ఊదించిన మిషన్ ఉంది చూశావూ, అది సరిగ్గా చూపిస్తోందో లేదో ఆర్నెల్లకోసారి పరీక్ష చేయించాలి. దాని గడువు దాటి పదకొండు రోజులైంది. అంటే, అది ఎంత చూపించినా చెల్లదు."

"చెల్లకపోతే చెల్లకపోయింది. అది తప్పు చెప్పిందా?"

"తప్పో ఒప్పో మనకనవసరం. చెల్లదు. అంతవరకే."

"నేను అర సీసా తాగి ఊదాను. దానికి మిషన్ కూడా ఎందుకు? పక్కనున్న కుక్కనడిగినా చెప్పేది."

"ష్! మెల్లిగా. ప్రాసిక్యూటర్ అక్కడే తచ్చాడుతున్నాడు. రక్తం సంగతి చూడు. పట్టుకున్న రెండు గంటల్లోపు తియ్యాలి. నీకు తీసింది మూడు గంటల పది నిమిషాల తర్వాత. ఆస్పత్రి వాళ్ళు టైము రాస్తే పోలీసులు దాన్ని దిద్దారు. దిద్దినచోట సంతకం కూడా లేదు. నిన్న ప్రాసిక్యూటరే నా దగ్గరికొచ్చి, 'మేడమ్, తాగినమాట తీసేద్దాం, నిర్లక్ష్యంగా నడిపాడని చిన్న కేసుగా మార్చేద్దాం' అన్నాడు. ఎందుకన్నాడు? తన చేతిలో ఏమీ లేదు కాబట్టి. నేను కుదరదన్నాను."

"ఎందుకు?"

"మొత్తం కొట్టేయించగలిగినప్పుడు తగ్గించుకోవడమేంటి?"

"తగ్గించినా బాగుండేదేమో. కొంతైనా శిక్ష నాకు తగిలేది."

"నీకేమైనా పిచ్చా? అసలు బలమైన పాయింటు ఇంకా చెప్పనే లేదు. నువ్వు బండి నడుపుతుండగా చూసినవాళ్ళు ఒక్కళ్ళు లేరు. పోలీసులు వచ్చేసరికి బండి రోడ్డు పక్కన ఆగి ఉంది. నువ్వు స్టీరింగు మీద తల పెట్టుకుని పడుకున్నావు. ఎవరో చెబితే వచ్చామని రాసుకున్నారు. ఎవరా ఎవరో? ఊరూ పేరూ లేదు."

"ఇంజను ఆన్‌లోనే ఉంది."

"ఇంజను ఆన్‌లో పెట్టుకుని నిద్రపోవడం నేరం కాదు. మా పాపని స్కూలు దగ్గర దింపావు. రెండు వీధులు దాటాక బండి పక్కకి తీశావు. ఆపాక తాగావు. ఆగిన బండిలో కూర్చుని తాగితే నడిపినట్టు కాదు. కేసే లేదు!"

"ఆపాక తాగానని ఎవరన్నారు?"

"ఎవరంటారు? నువ్వే అన్నావు."

"నేననలేదు. 'ఆపాక తాగావు, అంతే కదా?' అని నువ్వడిగావు. నేను ఊ అన్నాను."

"ఊ అంటే అన్నట్టే కదా?"

"ఊ అంటే ఊ."

"నన్ను చంపుకు తినకు. సంతకం పెట్టావు ఆ కాగితం మీద."

"నువ్వు పెట్టమన్నావు, పెట్టాను. చదివించింది నిన్ను, నన్ను కాదుగా."

"మేడమ్, మీది నాలుగోది. రెండోది నడుస్తోంది. పక్కకెళ్ళకండి."

"ఎక్కడికీ వెళ్ళం బాబూ. చూశావా అన్నయ్యా, బంట్రోతు కూడా వచ్చి చెప్పేశాడు. ఇప్పుడు పేచీ పెట్టకు."

"నాలుగేళ్ళ కిందట కూడా ఇదే బెంచీ, గుర్తుందా? ఆ చివర మేకు లేచి ఉండేది. నా ప్యాంటు చిరిగింది."

"గుర్తుంది. గెలిచాం."

"నువ్వు గెలిచావు. నేను బయటికొచ్చాను."

"రెండూ ఒకటి కాదా?"

"కాదు. ఆ రోజు అందరం హోటల్‌కెళ్ళాం. రక్తం సీసాకి సీలు లేదని నువ్వెలా కనిపెట్టావో, పోలీసాయన మొహం ఎలా మాడిపోయిందో చెబుతుంటే అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. చేతులు కడుక్కొస్తానని లేచి, పక్క మందు షాపులో వేసుకుని వచ్చాను. ఎవ్వరికీ తెలీదు."

"ఆ రోజా? ఆ రోజే?"

"ఆ రోజే. అంతకుముందు భయముండేది చిట్టీ. దొరికితే ఏమవుతానో అని. తాగినరోజు బండి తాళాలు తలుపు వెనక తగిలించేసి పడుకునేవాణ్ణి. ఆ తర్వాత భయం పోయింది. ఏమైతే ఏముంది, మా చెల్లెలుంది కదా అనుకున్నాను."

"అంటే, తప్పు నాదంటావు."

"అనలేదు."

"అన్నావు. ఇంకెలా అంటారు? నాన్న పోయాక ఎవరు చదివించారు నన్ను? నువ్వు చదివించావు. ఆ వ్యాను నడిపే చదివించావు. నాకు ఫీజు కట్టడానికి చొక్కాలు కూడా కొనుక్కోలేదు నువ్వు. ఆ లైసెన్సు మీదే నేను లాయర్నయ్యాను. దాన్ని నా కళ్ళముందు లాక్కుంటుంటే చేతులు కట్టుకుని నిలబడమంటావా?"

"నిలబడమంటున్నాను."

"నేను నిలబడను! బయటికొచ్చాక మానేద్దువుగాని. నేనే దగ్గరుండి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను."

"పోయినసారీ ఇదే మాట అన్నావు."

"నువ్వూ సరేనన్నావు."

"అన్నాను. గెలిచాక ఇంక డాక్టరెవరికి గుర్తుంటాడు? నీకు వేరే కేసులొచ్చాయి. నాకు వేరే సీసాలొచ్చాయి."

"సరే. సరే, నాదే తప్పు. ఒప్పుకున్నాను, చాలా? ఇవాళొక్కరోజు నా మాట విను. ఆపాకే తాగాను అనుకో. అనుకుని ఊరుకో."

"ఆపాక తాగలేదు. ముందే తాగాను."

"ముందంటే?"

"ఆరింటికి. సరుకు ఎక్కించుకున్నాక, బేకరీ వెనకాల."

"ఉండు. ఆరింటికి తాగితే... ఏడున్నరకి మా ఇంటికొచ్చావు. పాపని ఎక్కించుకున్నావు."

"ఎక్కించుకున్నాను."

"నేనే కదా బ్యాగు అందించింది. నీ పక్క కిటికీలోంచి అందించాను. నాకేం వాసన రాలేదు."

"నువ్వు ఫోన్లో ఉన్నావు. ఎవరో క్లయింటుతో. బ్యాగు ఇచ్చావు గానీ, ఇటు చూళ్ళేదు."

"దానికి... దానికి తెలిసిందా?"

"దానికి రోజూ తెలుసు."

"రోజూ ఏంటి?"

"స్కూళ్ళు తెరిచినప్పట్నుంచీ."

"ఆర్నెల్లు! ఆర్నెల్లు నా కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని... నీకు మనసెలా ఒప్పింది? మనిషివేనా నువ్వు?"

"అదే జడ్జిగారు అడగాలని వచ్చాను. నువ్వు అడగనివ్వట్లేదు."

"నాతో మాట్లాడకు. కాదు, మాట్లాడు. చెప్పు. ఆ రోజు ఏం జరిగింది? ఊ, ఆ, కాదు. మొత్తం చెప్పు."

"మలుపు దగ్గర ముందు చక్రం సిమెంటు దిమ్మె మీదికెక్కింది. వెనక ట్రేలన్నీ కూలిపోయాయి. పాప తల కిటికీకి తగిలింది."

"ఆ బొప్పి! ఆటల్లో పడ్డానంది నాతో."

"పడలేదు. 'మామయ్యా ఆపు, నేనిక్కణ్ణుంచి నడిచెళ్తాను' అంది. ఆపాను. దిగింది. నాకు కళ్ళు మూతలు పడిపోయాయి."

"తొమ్మిదేళ్ళ పిల్ల. ఆ లారీల రోడ్డు మీద ఒక్కతీ నడిచి స్కూలుకెళ్ళిందా?"

"స్కూలుకి కాదు. సిగ్నల్ దాకా నడిచింది. అక్కడున్న కానిస్టేబుల్ చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చింది. 'మా మామయ్యని ఇంక నడపనివ్వకండి' అందట. ఆయన వేరే కానిస్టేబుల్ని తోడిచ్చి దాన్ని స్కూల్లో దింపించాడు. చిన్నపిల్లకి కోర్టులెందుకులే అని పేరు రాసుకోలేదు."

"నీకెవరు చెప్పారిదంతా?"

"అదే చెప్పింది, పోయిన ఆదివారం. 'నీ ఉద్యోగం నా వల్ల పోతుందా మామయ్యా' అని వెక్కివెక్కి ఏడ్చింది. నిన్న నువ్వు వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ గట్టిగా చదువుతున్నావు చూడు, 'ఊరూ పేరూ లేని ఈ మనిషి మాట కోర్టువారు ఎలా నమ్మాలి' అని. అది అన్నం తింటూ విన్నది. తల ఎత్తలేదు."

"చాలు."

"నువ్వు చెప్పమన్నావు."

"చాలన్నాను కదా!"

"మేడమ్, మూడోది వాయిదా పడింది. మీదే. లోపలికి రమ్మంటున్నారు."

"వస్తున్నాం. క్లర్కుగారికి ఒక మాట చెప్పు బాబూ. కేసు కొట్టెయ్యమని మేమిచ్చిన పిటిషన్ వెనక్కి తీసుకుంటున్నాం."

"వెనక్కా? అదేంటి మేడమ్, ఇది మీరు గెలిచే కేసని పొద్దున్నుంచీ లోపల అందరూ..."

"చెప్పమన్నది చెప్పవయ్యా. పరిగెత్తు."

"చిట్టీ..."

"చొక్కా గుండీ పెట్టుకో. పైది. జడ్జిగారు ఏమడిగినా ఉన్నదున్నట్టు చెప్పు. లైసెన్సు ఉంచమని నేను అడగను. నీకు వైద్యం చేయించమని అడుగుతాను. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడను."

"అంత చాలు. పద."

"ఉండు. నాకొక్కటి అర్థం కావట్లేదు. ఆ పిల్ల నా పక్కనే పడుకుంటుంది. క్లాసులో ఎవరి పెన్సిలు పోయిందో కూడా చెబుతుంది నాకు. ముక్కూమొహం తెలియని కానిస్టేబుల్‌కి చెప్పింది గానీ, కన్నతల్లిని, నాకెందుకు చెప్పలేదు?"

"పోనీలే. పిలుస్తున్నారు, పద."

"నువ్వడిగావా దాన్ని?"

"అడిగాను."

"ఏమంది?"

"ఇప్పుడెందుకు చిట్టీ?"

"అన్నయ్యా, ఏమంది?"

"'అమ్మకి చెబితే నిన్ను గెలిపించేస్తుంది మామయ్యా' అంది."