బిగించిన కట్టు

ప్రెస్ మిషన్ కింద తెగిపడిన కార్మికుడి బొటనవేలిని డాక్టర్లు తిరిగి అతికించారు. మర్నాటికి అది నీలంగా ఉబ్బింది. నర్సు కంగారుగా కట్టు విప్పింది.

"ఇంత గట్టిగా ఎవరు బిగించారన్నా?"

"నేనే తల్లీ. వదులైతే ఊడొస్తుందేమోనని."

"ఇదేమన్నా బోల్టా? నెత్తురు లోపలికొస్తోంది, బయటికి పోయే దారి నువ్వు నొక్కేశావు. పాతది కదిలితేనే కొత్తదొచ్చి కండకి గాలీ తిండీ ఇచ్చి, మురికి పట్టుకెళ్తుంది."

"వేలు లేకపోతే ఫ్యాక్టరీ గేటు కూడా దాటనివ్వరు తల్లీ!"

"అందుకే జలగని పెడుతున్నా. నిలవ నెత్తురు తాగేస్తుంది."

"ఫ్యాక్టరీలో ఓనరు తాగింది చాలదా?"

"ఇది కడుపు నిండితే వదిలేస్తుందిలే."

కాసేపటికి జలగ ఊడిపడింది.

"రంగు మారిందా తల్లీ?"

"లేదన్నా."

"ఇంకోటి పెట్టు. ఒంట్లో నెత్తురు మళ్లీ పడుతుంది. వేలు మొలవదు."